రోహిణి కార్తె నుండి మంచు పట్టణానికి

పెన్‌పహాడ్ మండలంలోని ఏ గ్రామంలోనైనా మే నెలలో మధ్యాహ్నం పన్నెండు గంటలు దాటిన తరువాత వీధిలో మనిషి కనిపించడం అరుదు. తప్పనిసరిగా బయలుదేరినవాడు తలకూ చెవులకూ తువాలు చుట్టుకొని, ఇంత మజ్జిగ తాగి, వేపచెట్టు నీడనుండి వేపచెట్టు నీడకు నడుస్తాడు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయన్న సామెత ఈ నేలమీదనే పుట్టిందేమో అనిపిస్తుంది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాలలో ఉష్ణోగ్రత 45 డిగ్రీల సెంటిగ్రేడును తాకిన రోజులు ఉన్నవి. శాస్త్రరీత్యా ఇది ఎడారి కాదు. సాలుకు ఏడెనిమిది వందల మిల్లీమీటర్ల వాన పడే అర్ధశుష్క ప్రాంతం. 1967 ఆగస్టు 4న నాగార్జునసాగర్ కాలువలకు నీరు విడిచిన నాటినుండి ఎడమ కాలువ క్రింద వరి పచ్చబడింది గాని, వేసవి గాలి గుణం మాత్రం మారలేదు.

ఇటువంటి గాలిలో ఇరవై రెండేళ్ళు పెరిగిన పిల్లవాడో, పిల్లో ఒక ఆగస్టు నాడు శంషాబాదులో విమానమెక్కి, అమెరికా మధ్యపశ్చిమ రాష్ట్రాలలోని ఒక చిన్న విశ్వవిద్యాలయ పట్టణంలో దిగుతారు. 2023-24 విద్యాసంవత్సరంలో అమెరికాలో చదువుతున్న భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. వారిలో తెలుగువారి పాలు చిన్నది కాదు. అందరూ న్యూయార్కుకో, కాలిఫోర్నియాకో పోరు. అయోవాలోని ఏమ్స్, విస్కాన్సిన్‌లోని మాడిసన్, ఇల్లినాయిలోని అర్బానా, కాన్సాస్‌లోని మాన్‌హాటన్ వంటి ఊళ్ళకు పోయేవారు అనేకులు. ఫీజులు, వీసాలు, బ్యాంకు అప్పులు - వీటిని గురించి చెప్పేవారు ఊరికి పదిమంది ఉన్నారు. శీతోష్ణస్థితిని గురించి మాత్రం, "అక్కడ చలి ఎక్కువట" అన్న ఒక్క మాటతో సరిపెట్టుకుంటున్నాము. ఆ ఒక్క మాట చాలదని మా అభిప్రాయం.

పై ఊళ్ళలో మాన్‌హాటన్‌ను మేము ఉదాహరణగా తీసుకోవడానికి కారణం ఉన్నది. పేరు విని న్యూయార్కు నగరంలోని ఆకాశహర్మ్యాల మాన్‌హాటన్ అనుకొని మురిసిపోయిన బంధువులు లేకపోలేదు. ఇది అది కాదు. కాన్సాస్ రాష్ట్రంలో పచ్చికగుట్టల నడుమ, 2020 జనగణన ప్రకారం 54 వేల జనాభాతో, మన సూర్యాపేటలో దాదాపు సగం ఉండే ఊరు. 1862లో లింకన్ సంతకం చేసిన చట్టం ప్రకారం ప్రభుత్వ భూముల ఆదాయంతో వ్యవసాయ, యంత్ర విద్యలకు కళాశాలలు వెలసినప్పుడు, 1863లో ఇక్కడ పుట్టినదే నేటి కాన్సాస్ స్టేట్ విశ్వవిద్యాలయం. ఈ విశ్వవిద్యాలయానికీ మనకూ పాత చుట్టరికం. అమెరికా సహాయ పథకం క్రింద 1956లో మొదలై 1970 దశకపు తొలి సంవత్సరాల వరకు దాని ఆచార్యులు హైదరాబాదు వచ్చి మన వ్యవసాయ, పశువైద్య విద్యకు తోడ్పడినారు; మన అధ్యాపకులు అక్కడికి పోయి చదివి వచ్చినారు. 1964లో స్థాపితమైన ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం రూపు దిద్దుకోవడంలో వారి చేయి ఉన్నది. అంటే రాజేంద్రనగర్‌నుండి మాన్‌హాటన్‌కు దారి అరవై ఏళ్ళకు పూర్వమే పడినదన్నమాట. ఆనాడు వెళ్ళినవారు ఉద్యోగస్థులు; వారి ప్రయాణం వెనుక ఒక ప్రభుత్వం ఉండేది. నేడు వెళ్ళే పిల్లల వెనుక ఉన్నది, చాలామందికి, తాకట్టులో ఉన్న రెండెకరాలు.

కాన్సాస్ మొదట మనిషిని మోసం చేస్తుంది. ఆగస్టులో దిగిన విద్యార్థికి అక్కడ ఎండ 32, 33 డిగ్రీలు. కొన్ని నాళ్ళు 40 కూడా. ఊరు దాటితే జొన్నచేలు. అమెరికాలో అన్నిటికంటె ఎక్కువగా జొన్న పండించే రాష్ట్రం కాన్సాసే. యంత్రంతో కోయడానికి అనువుగా పొట్టివైన ఆ ఎర్రజొన్న కంకులు చూచి, "ఇదేదో మన ఊరి వలెనే ఉన్నదే" అని ఇంటికి ఫోటో పంపుతాడు. సెప్టెంబరు హాయిగా గడుస్తుంది. అక్టోబరు నడుమ తొలి మంచు గడ్డిమీద తెల్లగా కనబడుతుంది. ఆకులు పసుపు, ఎరుపు రంగులకు తిరుగుతాయి. అప్పటికీ అతని దగ్గర ఉన్నది హైదరాబాదులో కొన్న ఒక స్వెట్టరే. జనవరిలో సగటున పగలు నాలుగైదు డిగ్రీలు, రాత్రి సున్నాకు దిగువ ఏడెనిమిది డిగ్రీలు. ఇది సగటు మాత్రమే. 2021 ఫిబ్రవరిలో కాన్సాస్ ఉత్తర భాగంలో ఉష్ణోగ్రత సున్నాకు దిగువ 25 డిగ్రీలు కూడా దాటి పడిపోయింది. ఏమ్స్, మాడిసన్ ఇంకా ఉత్తరాన ఉన్నవి గనుక అక్కడ చలి మరికొంత ఎక్కువ.

ఇంత చలి ఎక్కడినుండి వస్తుంది? భూగోళపటం చూస్తే తెలుస్తుంది. మనకు ఉత్తరాన హిమాలయాలు తూర్పు పడమరలుగా గోడ కట్టి, మధ్య ఆసియా చలిగాలిని ఆపుతున్నవి. అందుచేతనే పెన్‌పహాడులో డిసెంబరు రాత్రి పదిహేను డిగ్రీల దగ్గర నిలుస్తుంది. ఆ మాత్రానికే చలిమంట వేసుకుంటాము. ఉత్తర అమెరికాలో పెద్ద పర్వతాలు ఉత్తర దక్షిణాలుగా సాగినవి. ధ్రువప్రాంతానికీ కాన్సాస్‌కూ నడుమ అడ్డుగోడ లేదు. కెనడా మంచుమైదానాల మీద పేరుకొన్న బరువైన చలిగాలి ఒక్కుమ్మడిగా దిగివస్తుంది. ఉదయం చొక్కాతో తరగతికి వెళ్ళినవాడు సాయంత్రం తిరిగి వచ్చేసరికి ఉష్ణోగ్రత ఇరవై డిగ్రీలు పడిపోయి ఉండవచ్చు. కాబట్టి అక్కడివారు పొద్దున లేస్తూనే చూచేది వాతావరణ సూచన. మనవారు ఈ అలవాటును మొదటి వారంలోనే పట్టుకోవాలి. అందులోని అంకెలు ఫారెన్‌హీటులో ఉంటాయి: నీరు గడ్డకట్టేది 32 దగ్గర, ఫారెన్‌హీటు సున్నా అంటే సెంటిగ్రేడులో సున్నాకు దిగువ 18.

ఇంకొక మోసం ఎండ చేసేది. మనకు ఎండ అంటే వేడి. రెండు మాటలకూ మన భాషలో తేడా లేనంతగా కలిసిపోయినవి. అక్కడ శీతకాలంలో అతి చల్లని దినాలు చాలావరకు మబ్బులేని, కళ్ళు జిగేలుమనే ఎండ దినాలు. చలిగాలి వచ్చినప్పుడు ఆకాశం నిర్మలమవుతుంది. మబ్బు దుప్పటి లేని రాత్రి భూమి తన వేడిని ఆకాశానికి వదిలివేస్తుంది. కిటికీలోనుండి ఎండను చూచి తలకు ఏమీ లేకుండా బయలుదేరినవానికి నాలుగు నిమిషాలలో చెవులు మండిపోతాయి. ఆపైన గాలి ఒకటి. మైదానప్రాంతం కనుక గాలికి అడ్డు లేదు. సున్నాకు దిగువ 10 డిగ్రీలున్నప్పుడు గంటకు 30 కిలోమీటర్ల గాలి వీస్తే, చర్మానికి అది దిగువ 20తో సమానం. ఈ లెక్క దిగువ 28 ప్రాంతానికి చేరిందంటే, కప్పని చర్మం అరగంటలో గడ్డకట్టే ప్రమాదం ఉన్నది. వేళ్ళు, చెవులు మొదట మంటపుట్టి, తరువాత ఏమీ తెలియకుండా పోతాయి. ఏమీ తెలియకపోవడం ఉపశమనం కాదు, అపాయం. అటువంటి భాగాన్ని రుద్దరాదు. హీటరుకు ఆనించరాదు, స్పర్శ లేని చర్మం కాలినా తెలియదు. ఇంటిలోకి వచ్చి గోరువెచ్చని నీటిలో ఉంచి, వైద్యునికి చూపించాలి.

బట్టల సంగతి కొంచెం వివరంగా చెప్పవలసి ఉన్నది. నూలుబట్ట మనకు తాతలనాటి స్నేహితుడు. చెమటను పీల్చుకొని, ఆ తడి ఆరుతున్నప్పుడు శరీరాన్ని చల్లబరచడమే దాని గొప్పతనం. చలిదేశంలో ఆ గొప్పతనమే శత్రువవుతుంది. బరువైన పుస్తకాల సంచితో వేగంగా నడిచినవానికి కోటు లోపల చెమట పడుతుంది. నూలు బనియను తడిసి ఒంటికి అంటుకుంటుంది. నీరు గాలికంటె ఇరవై రెట్లకు పైగా వేగంగా ఒంటి వేడిని లాగివేస్తుంది. ఉన్ని అట్లా కాదు; తడిసినా కొంత వెచ్చదనాన్ని నిలుపుతుంది. ఈ రహస్యం మన గొర్రెలకాపరులకు ఎప్పటినుండో తెలుసు. జడివానలో గొంగడి కప్పుకొని నిలబడేది ఉత్తినే కాదు. అందుచేత ఒంటిని అంటి చెమటను బయటికి పంపే పలుచని లోపలి ఉడుపు ఒకటి, దానిపైన ఉన్నిదో దానివంటిదో మరొకటి, అన్నిటిపైన గాలి దూరని కోటు. వెచ్చదనమిచ్చేది బట్ట కాదు, బట్టల పొరల నడుమ చిక్కిన కదలని గాలి. అందుకని ఒక లావు కోటుకంటె మూడు పొరలు మేలు. భవనంలోకి పోగానే ఒకటొకటి విప్పుకోవచ్చు. చేతులకు వేళ్ళు విడివిడిగా ఉన్న తొడుగులకంటె, నాలుగు వేళ్ళు కలిసి ఉండే సంచివంటి తొడుగులు ఎక్కువ వెచ్చన. బూట్లు ఒక సైజు పెద్దవైతే మంచిది; బిగువైన బూటులో గాలి నిలవదు, రక్తం ఆడదు.

ఇవి ఇక్కడ కొనుక్కుపోవడం దండుగ. హైదరాబాదు అంగళ్ళలో చలికోటు అని అమ్మేది హైదరాబాదు చలికే సరిపోతుంది. అక్కడే కొనాలి. ఇక్కడనే చిక్కు వస్తున్నది. అక్కడ దిగిన మన పిల్లవాడు ప్రతి డాలరునూ రూపాయలలోకి మారుస్తాడు. వంద డాలర్ల కోటు చూడగానే అతనికి కనబడేది కోటు కాదు, తండ్రి మిర్యాలగూడ మిల్లుకు తోలిన వడ్ల బస్తాలు. "ఈ ఏడు స్వెట్టరుతో గడుపుదాం" అనుకుంటాడు. ఈ పొదుపు మంచి మనసునుండి పుట్టినదే గాని, చేయదగిన చోట చేసిన పొదుపు కాదు. తల్లిదండ్రులు ముందుగానే, "బిడ్డా, కోటుకూ బూట్లకూ లెక్క చూడకు" అని నోటితో చెప్పి పంపడం అవసరం. చెప్పకపోతే అతను లెక్క చూస్తాడు. వాడిన వస్తువుల దుకాణాలలో మంచి కోట్లు చవుకగా దొరుకుతాయి. చాలా విశ్వవిద్యాలయాలలో పరదేశ విద్యార్థులకు చలిబట్టలు ఉచితంగా పంచే ఏర్పాటు కూడా ఉంటుంది. పుచ్చుకోవడానికి సిగ్గుపడవలసినది ఏమీ లేదు.

మన ప్రాంతంనుండి పోయేవారు ఊహించని సంగతి మరొకటి: ఎడారి వారివెంట వస్తుంది. బయట తెల్లగా మంచు పరచుకొని ఉన్నది గదా, తేమకు కొదువ ఏమని అనుకుంటాము. కాని చల్లని గాలిలో నీటి ఆవిరి ఇమిడేది బహు స్వల్పం. సున్నాకు దిగువ 10 డిగ్రీల వద్ద ఒక ఘనమీటరు గాలిలో ఇమిడే ఆవిరి రెండు గ్రాముల పైచిలుకు. 21 డిగ్రీల వద్ద పద్దెనిమిది గ్రాములు. బయటి గాలిని లోపలికి తెచ్చి, తేమ కలపకుండా 21 డిగ్రీలకు వేడిచేస్తే, దాని సాపేక్ష ఆర్ద్రత పదవ వంతు ప్రాంతానికి దిగుతుంది. వంట ఆవిరి, మనుషుల ఊపిరి కలిసి కొంత పెరిగినప్పటికీ, ఆ గది గాలి మన రోహిణి మధ్యాహ్నపు గాలికి ఏమీ తీసిపోదు. పెదవులు పగలడం, ముక్కునుండి నెత్తురు రావడం, కాలిమడమలు చీలడం, తలుపు పిడి ముట్టుకుంటే చిటుక్కున విద్యుత్తు తగలడం - ఇవన్నీ అందువలననే. భయపడవలసిన జబ్బులు కావు. వేడినీళ్ళ స్నానం కురచగా ముగించి, ఒళ్ళు కొంచెం తడిగా ఉన్నప్పుడే నూనె రాసుకోవడం మన అమ్మమ్మలు చెప్పిన వైద్యమే. కొబ్బరినూనె సీసాలో రాయివలె గడ్డకడుతుంది గనుక నువ్వులనూనె సుళువు. రాత్రి గదిలో తేమనిచ్చే యంత్రం, లేదా కనీసం తడిబట్టలు ఆరవేయడం కొంత మేలు చేస్తుంది. దాహం వేయదు గాని నీళ్ళు తాగవలసిందే. వేసవిలో దాహం మనిషిని హెచ్చరిస్తుంది; చలిలో ఆ హెచ్చరిక కూడా ఉండదు.

వంటింటిలోనూ ఈ మార్పు కనబడుతుంది. పాలు తోడుపెడితే తెల్లవారేసరికి పాలుగానే ఉంటాయి. దీపం మాత్రం వెలిగించిన ఓవెనులో గిన్నె ఉంచితే పెరుగు తోడుకుంటుందని అక్కడి తెలుగు ఇల్లాండ్రు కనిపెట్టినారు. ఇడ్లీపిండికీ ఇదే ఉపాయం. ఎండుమిరపకాయలతో తాలింపు వేస్తే పొగగంట మోగి భవనమంతా మెట్లు దిగి మంచులో నిలబడే ప్రమాదం ఉన్నది. నవ్వుకోవచ్చు. కాని ఆ విసుగుతో గంటలోని బ్యాటరీ ఊడదీయడం నవ్వుకునే పని కాదు. ఆ ఇళ్ళు కొయ్యచట్రాల ఇళ్ళు, నిప్పు త్వరగా అంటుకుంటుంది. బొగ్గుపొయ్యిని మాత్రం ఎన్నడూ ఇంటిలోకి తేరాదు. మన ఇళ్ళలో కుంపటి పెట్టుకున్నా పెంకుల సందునుండి గాలి ఆడేది. అక్కడ చలి దూరకుండా కిటికీలు బిగించిన గదిలో బొగ్గు మండితే పుట్టే కార్బన్ మోనాక్సైడుకు వాసన లేదు, రంగు లేదు. నిద్రలోనే ప్రాణం పోతుంది. ఆ వాయువును పసిగట్టే గంట ఇంటిలో ఉన్నదీ లేనిదీ అద్దెకు దిగేముందే అడిగి తెలుసుకోవాలి. మంచు మేటవేసిన కారును దాని వెనుక గొట్టం చుట్టూ మంచు తీయకుండా నడపరాదు, కారణం ఇదే. సెలవులకు ఊరు విడిచేటప్పుడు డబ్బు ఆదా అని ఇంటి హీటరును పూర్తిగా ఆర్పితే గొట్టాలలో నీరు గడ్డకట్టి పగులుతాయి; ఆ నష్టం అద్దెకున్నవాని మెడకే చుట్టుకోవచ్చు.

మంచుమీద నడక మన రైతుబిడ్డలకు కొత్త విద్య కాదు. నాట్లవేళ తడిసిన పొలం గట్టుమీద ఎట్లా నడుస్తారో అట్లానే: అడుగులు పొట్టిగా, పాదం పూర్తిగా మోపి, చేతులు జేబులో పెట్టుకోకుండా. మెత్తగా కురిసిన కొత్త మంచు అంత ప్రమాదం కాదు. పగలు కరిగి రాత్రి తారురోడ్డుమీద అద్దంవలె గడ్డకట్టిన పలుచని పొర కంటికి కనబడదు. మనుషులను పడవేసేదీ, కార్లను తిప్పివేసేదీ అది. మొదటి శీతకాలంలో సొంత కారు నడపకపోవడమే మేలని మా సలహా. సుడిగాలుల సంగతి క్లుప్తంగా చెబుతాము: అవి ఎక్కువగా వచ్చేది వసంతంలో, వేసవి ఆరంభంలో. 2008 జూన్ 11 రాత్రి మాన్‌హాటన్ ఊరినీ, విశ్వవిద్యాలయ ఆవరణనూ ఒక సుడిగాలి తాకి చాలా నష్టం చేసింది. హెచ్చరిక మోగగానే చూడడానికి బయటికి రావడం కాదు, నేలమాళిగలోకి దిగాలి. అది లేకపోతే కిటికీలు లేని లోపలి గదిలోకి పోవాలి.

బట్టలతో, హీటరుతో తీరనిది వెలుతురు కొరత. మన ప్రాంతంలో అతి చిన్న పగలు కూడా పదకొండు గంటలకు తగ్గదు. మాన్‌హాటన్‌లో డిసెంబరు చివర తొమ్మిది గంటల ఇరవై నిమిషాలు. సాయంత్రం ఐదు దాటగానే చీకటి. తరగతినుండి చీకటిలో వచ్చి, చీకటి గదిలో అన్నం వండుకొని, తెల్లవారి మళ్ళీ చీకటిలో లేచే పిల్లవానికి జనవరి, ఫిబ్రవరి నెలలు బరువుగా గడుస్తాయి. నిద్ర పెరగడం, చదువు మీద మనసు లేకపోవడం, నలుగురిలోకి పోకపోవడం - వీటిని సోమరితనమని అనుకోరాదు. వెలుతురు తగ్గినందువలన కొందరిలో వచ్చే కుంగుబాటును వైద్యులు గుర్తించి చికిత్స చేస్తున్నారు. ఉదయం వెలుతురులో అరగంట నడక, వైద్యుడు చెబితే ప్రత్యేకమైన దీపం, విటమిన్ డి పరీక్ష - ఇవి ఉపకరిస్తాయి. ప్రతి విశ్వవిద్యాలయంలోనూ మనసు విప్పి మాట్లాడడానికి సలహా కేంద్రం ఉంటుంది. పరిస్థితి ప్రాణాలమీదికి వచ్చిందనిపిస్తే, 2022 జూలైనుండి అమెరికా అంతటా 988 అనే సంఖ్యకు ఏ వేళనైనా ఫోను చేయవచ్చు. ఆ సంఖ్యను తల్లిదండ్రులు కూడా రాసిపెట్టుకొని పిల్లలకు చెప్పడం మంచిది.

ఫోనులో మనం అడిగే ప్రశ్నలు కూడా మార్చుకోవాలి. "తిన్నవా బిడ్డా? చలి పెడుతున్నదా?" అని అమ్మ అడుగుతుంది. "ఏం లేదమ్మా, మంచిగనే ఉన్న" అని జవాబు వస్తుంది. అప్పు తెచ్చి పంపిన ఇంటికి ఏ బిడ్డా ఇంకొక జవాబు ఇవ్వదు. అందుకు బదులు, "ఇయ్యాల బయటికి పోయినవా? ఎవరితోని కలిసి తిన్నవు? కోటు ఏ రంగుది కొన్నవు?" అని అడిగి చూడండి. ఈ ప్రశ్నలకు "మంచిగనే" అన్న మాట జవాబు కాదు. కోటు కొననివాడు దొరికిపోతాడు. వీలైతే మొఖం కనబడేటట్లు మాట్లాడండి, గదిలో వెలుతురు ఎట్లున్నదో మీకే తెలుస్తుంది.

ఫోను చేసే వేళ లెక్క కూడా చెప్పి ముగిస్తాము. కాన్సాస్‌లో చాలా భాగంలోనూ, పైన చెప్పిన ఇతర ఊళ్ళలోనూ శీతకాలంలో గడియారం మనకంటె పదకొండున్నర గంటలు వెనుక. మనకు ఉదయం ఏడైతే అక్కడ ముందటి రాత్రి ఏడున్నర. వంట ముగించుకొని కూర్చునే వేళ. మార్చి రెండవ ఆదివారం నాడు వారు గడియారాలను ఒక గంట ముందుకు జరుపుతారు. ఆనాటినుండి నవంబరు మొదటి ఆదివారం వరకు తేడా పదిన్నర గంటలే.